నాటుకోడి గుడ్లు కడిగి దాచాలా, కడగకుండానా?

కడగకుండానే, సన్నటి కొన కిందికి ఉండేలా పెట్టి దాచాలి; కడగడం వండే ముందు మాత్రమే. పెంకు నిండా కంటికి ఆనని రంధ్రాలు వేలల్లో ఉంటాయి. గుడ్డు పెట్టేటప్పుడు తడిగా ఉండే పల్చటి పొర ఆరి వాటిని మూసేస్తుంది. చన్నీళ్లతో కడిగితే ఆ పొర పోతుంది, పైగా వెచ్చని గుడ్డు చల్లబడి మురికినీటిని లోపలికి లాక్కుంటుంది. కాస్త రెట్ట అంటితే పొడి కొబ్బరి పీచుతో మెల్లగా రుద్దితే చాలు. బాగా అంటినవి దాచకండి, ఆ రోజే కడిగి గట్టిగా ఉడికించి తినేయండి.

కోనసీమలో మే నెల ఉక్కనే తీసుకోండి. పుంజు తిరిగే పెరట్లో గుడ్డు మూడు నాలుగు రోజులు గంపలోనే ఉండిపోతే పచ్చసొన మీద ఎర్రటి దారాల్లాంటి నరాలు కనిపించొచ్చు, పిండం ఎదగడం మొదలైందన్నమాట. అందుకే ఏ రోజు గుడ్డు ఆ రోజే తీసి, పెన్సిల్‌తో తేదీ వేసి, ఫ్రిజ్ లోపలి అరలో పెట్టాలి. నెల రోజులు నిక్షేపంగా ఉంటుంది. మళ్లీ బయట వదిలేయకూడదు, చెమ్మ పట్టి సూక్ష్మజీవులకు దారి దొరుకుతుంది.

నీళ్లలో తేలిన గుడ్డు కుళ్లినట్టే అనుకుంటారు చాలామంది. తేలడం పాతదనానికే గుర్తు: లోపలి తేమ ఆరేకొద్దీ గాలిగది పెద్దదవుతుంది. విడిగా గిన్నెలో కొట్టి వాసన చూడండి, కుళ్లితే వెంటనే తెలిసిపోతుంది.