నాటికల మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: సార్, మీరూ నాటికలు రాస్తారు కదా, మరి ఎప్పుడూ తోటి రచయితల నాటికలనే మెచ్చుకుంటారెందుకు? గంటలోపు అయిపోయేదాంట్లో అంత మెచ్చుకునేది ఏముంటది?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: రాస్తాను కాబట్టే తమ్ముడూ. గంటలోపు ముగించడం ఎంత కష్టమో రాసేవాడికి తెలుస్తుంది. పెద్ద నాటకంలో ఒక రంగం నీరసపడినా తర్వాతి రంగంలో లేపుకోవచ్చు, నాటికకు ఆ వెసులుబాటు లేదు. మూడో బెల్లు కొట్టి తెర లేచిన ఐదు నిమిషాల్లో వీళ్లెవరు, వీళ్లకొచ్చిన కష్టమేంటి అన్నది ప్రేక్షకుడికి అందాలి, అదీ ఏ పాత్రా నిలబడి వివరించకుండా.

గొల్లపూడి మారుతీరావు గారి ‘కళ్లు’ తీసుకోండి. 1988లో ఎం.వి.రఘు గారు తీసిన సినిమా చాలామందికి తెలుసు, దానికి మూలం నాటిక అని కొందరికే తెలుసు. చూపులేని బిచ్చగాళ్లు కొందరు కలిసి బతుకుతుంటారు, వాళ్లలో ఒకడికి చూపొస్తుంది. కథ చెప్పమంటే ఇంతే. కానీ నిన్నటిదాకా తనతో సమానమైన మనుషులు చూపొచ్చినవాడికి ఇప్పుడెలా కనిపిస్తారు, వాళ్ల మీద వాడికి ఎంత పైచేయి దొరుకుతుంది అనే ఒక్క ప్రశ్న మీద మొత్తం నిలబెట్టారు చూడండి, అందుకు ఆయనకు దండం పెట్టాలి. పైగా ఇది స్టేజికే పుట్టిన కథ. పాత్రలకు కనపడనిది మన కళ్లెదుటే జరుగుతుంటుంది, మనం చూస్తూ కూర్చుంటాం, చెప్పడానికి లేదు. నవలలో ఈ బిగువు రావడం కష్టం.

గణేశ్ పాత్రో గారి ‘కొడుకు పుట్టాల’ ఇంకో రకం. కుటుంబ నియంత్రణ అంటే గోడల మీద ఎర్ర త్రికోణం గీసి ఊరుకున్న రోజుల్లో, కొడుకు కావాలనే పంతాన్ని ఆయన ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోకి తెచ్చారు. అందుకే అది ఎన్నో భాషల్లోకి వెళ్లింది. తనికెళ్ల భరణి గారి ‘గార్దభాండం’, అంటే గాడిద గుడ్డు, అయితే పేరుతోనే సగం హాలును నింపుతుంది.

మెచ్చుకోవడమంటే గ్రీన్ రూమ్‌లోకి వెళ్లి “అదిరిందన్నా” అని చేయి కలిపి రావడం కాదు. ఏ డైలాగు దగ్గర హాలు సద్దుమణిగింది, ఏ పాత్ర ఎందుకు అప్పుడే లోపలికొచ్చింది అన్నది రాసినాయనకు చెప్పాలి. నాటక పోటీలు పెట్టే పరిషత్తుల్లో చప్పట్ల కోసం చివర్లో రెండు పేజీల ఉపన్యాసం పెట్టే అలవాటుంది, అది నాకస్సలు నచ్చదు, అది కూడా చెప్పాలి. అలా చెప్పేవాళ్లు లేకనే మంచి రచయితలు కొందరు ఒకే రకంగా రాస్తూ ఉండిపోతున్నారు.

ప్రశ్న: సార్ నమస్తే. మా బడి పిల్లలతో ఒక నాటిక వేయించాలనుకుంటున్నాను. కోస్తా భాషలో ఉన్నదాన్ని మా పాలమూరు మాటలోకి మార్చుకోవచ్చా?
– ఒక టీచర్, వనపర్తి

జవాబు: రచయితనో, ఆయన కుటుంబాన్నో అడిగి మార్చుకోండమ్మా, సంతోషంగా ఒప్పుకుంటారు. అయితే ‘వస్తున్నాడు’ తీసేసి ‘వస్తుండు’ అని పెట్టినంత మాత్రాన పాలమూరు మనిషి రాడు. ఆ ఇంట్లో ఎవరున్నారో కూడా మారాలి. అమ్మానాన్నలు ముంబైకో పుణేకో వలసపోతే నాయనమ్మ దగ్గర ఉండిపోయిన పిల్లలు మీ క్లాసులోనే ఉండుంటారు, ఆ ఇంటి అరుగు మీద ఆ కథ జరిగితే ఎవరి డైలాగు ఎవరికి వెళ్తుందో చూడండి. తండ్రి మాటలు నాయనమ్మ నోటికి రావచ్చు, కొన్ని ఫోన్‌లో వినపడొచ్చు. పిల్లల్నే అడగండి, మా ఇంట్ల ఇట్ల అనరు టీచర్ అని వాళ్లే దిద్దుతారు. తెర వెనక నుంచి డైలాగు అందించే ప్రాంప్టింగ్ మీద ఆధారపడకుండా రిహార్సల్ ఎక్కువ చేయించండి, టెన్షన్ తగ్గుతుంది.

ప్రశ్న: మన నల్లగొండ మీద గొప్ప నాటిక ఏదైనా ఉందా సార్?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: ముందు గుర్తొచ్చేది నాటిక కాదు, పూర్తి నాటకం. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘మా భూమి’. అప్పటి నల్లగొండ జిల్లాలోని జనగామ తాలూకా, కామారెడ్డిగూడెంలో భూమి కోసం అక్కడి భూస్వామి దేశ్‌ముఖ్‌తో పోరాడి ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ కథ దానికి ఆధారం. కమ్యూనిస్టుల కళాసంఘం ప్రజానాట్యమండలి దళాలు దాన్ని ఊరూరా ఆడాయి. కృష్ణా జిల్లా వాళ్లు మన బందగీ గురించి రాశారు, ఇద్దరు కూర్చుని కలిసి రాశారు. తోటి రచయితను గౌరవించడానికి అంతకన్నా ఏం కావాలి?

నాటికల విషయానికొస్తే, మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లకు వంగిపోయిన మనుషుల మీద మంచి స్క్రిప్టు రావాలి. జాలి కోసం కాదు, ఒక్క బిందె మంచినీళ్ల చుట్టూ ముగ్గురు మనుషుల మధ్య జరిగేలా. మీ దగ్గర అలాంటిదుంటే పంపండి, చదివి ఏ రంగం నిలబడిందో, ఏది జారిందో వివరంగా రాస్తాను.