డ్రైవ్‌లు గుంజి మార్చుకునే ల్యాప్‌టాప్ కొనాల్నా? దేవరకొండ బిడ్డకు జవాబు

దేవరకొండ నుంచి ఒక బిడ్డ అడిగింది. మహబూబ్‌నగర్ల హాస్టల్ల ఉండి బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం చదువుతున్నదట, సైబర్ సెక్యూరిటీ దిక్కు పోవాల్నని ఉందట. కాలేజీ పనికి విండోస్ ఒక డ్రైవ్‌ల, నేర్చుకునేందుకు ఉబుంటు అనే లినక్స్ ఒక దాంట్ల, సెక్యూరిటీ పరీక్షలకు వాడే కాలీ లినక్స్ ఇంకోదాంట్ల పెట్టుకొని ఏది కావాల్నంటే అది మార్చుకునే ల్యాప్‌టాప్ ఏదుంది అని ప్రశ్న. పత్తి పైసలొచ్చినంక నాయిన 60 వేల దాకా ఇస్త అన్నడు, సీనియర్ ఒకాయన మాత్రం పాత థింక్‌ప్యాడ్ తీసుకో, సగం పైసలు మిగులుతయ్ అన్నడట.

బిడ్డా, మీ సీనియర్ గాలికి చెప్పలేదు. 2011, 2012ల వచ్చిన ఆఫీసు ల్యాప్‌టాప్‌లు నిజంగనే గట్ల ఉండేటివి. థింక్‌ప్యాడ్ టి430కి ఒక్క స్క్రూ ఇప్పితే పక్కకెల్లి డ్రైవ్ సొరుగు లెక్క బయటికొస్తది, డీవీడీ పెట్టే జాగల క్యాడీ అని ఒకటి దొరుకుతది, అది ఎక్కిస్తే రెండో డ్రైవ్ కూడా పడతది. డెల్ లాటిట్యూడ్ ఈ6430ది కూడా పక్కకెల్లే గుంజుడు, హెచ్‌పీ ఎలీట్‌బుక్ 8460పీ అయితే అడుగు మూతకు స్క్రూడ్రైవరే అక్కర్లేదు. సికింద్రాబాద్‌ల కంప్యూటర్ షాపులుండే సీటీసీ దిక్కు పోతే ఇసుంటి సెకండ్‌హ్యాండ్ మాల్ ఇప్పటికీ కనబడుతది.

అయినా నీకు అది వద్దంటున్న. ఎందుకంటే, విండోస్ 11కు ఇంటెల్‌ల అయితే 8వ తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలె, టి430ల ఉన్నది 3వ తరం. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. అడ్డదారిల 11 ఎక్కించేటోళ్లు ఉన్నరు గానీ నువ్వు ఇంకో రెండేండ్లల్ల ప్లేస్‌మెంట్ టెస్ట్‌లు రాయాలె, ఇంట్ల కూసోని కెమెరా ఆన్ చేసి రాసే టెస్ట్‌లు ఉంటయ్ గదా, వాటి సాఫ్ట్‌వేర్ కొన్ని లినక్స్ మీద అసలే నడవయ్, సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ అని ఒకటుంది అది విండోస్‌కు, ఆపిల్‌కు మాత్రమే ఉంది, పైంగ వర్చువల్ మెషీన్‌ల, అంటే ఒక సిస్టమ్ లోపల సాఫ్ట్‌వేర్‌తోటి నడిపే ఇంకో సిస్టమ్‌ల, నడిపిస్తే కనిపెట్టి ఆపేస్తది. అందుకని నీ మెషీన్‌ల అసలైన విండోస్, అప్‌డేట్లు వచ్చే విండోస్, గట్టిగ ఒకటుండాలె. పాత బ్యాటరీ నమ్ముకొని ఇంటర్వ్యూల కూసునుడు ఎందుకు చెప్పు.

ఇగ కొత్త ల్యాప్‌టాప్‌ల సంగతి. ఇప్పుడు డ్రైవ్ అంటే ఎం.2 ఎస్ఎస్‌డీ, చూయింగ్‌గమ్ అంత ఉంటది, అడుగు మూత మొత్తం ఇప్పితేగాని కనబడదు. దాని సాకెట్ రోజూ తీసి పెట్టేటందుకు చేసింది కాదు, ఎన్నోసార్లు తీస్తే పిన్నులు వదులైతయ్, మూతకుండే ప్లాస్టిక్ క్లిప్పులు అంతకన్న ముందే ఇరుగుతయ్. హాస్టల్ల మంచం మీద కూసోని గంటకోసారి గా పని చేసుడు అయ్యేది కాదు. మ్యాక్‌బుక్‌ల అయితే నువ్వు మార్చుకునేటట్టే ఉండదు.

కాబట్టి నువ్వు ఎతకాల్సింది గుంజే డ్రైవ్ కాదు, రెండు ఎం.2 స్లాట్లున్న ల్యాప్‌టాప్. ఒకదాంట్ల కంపెనీ ఇచ్చిన విండోస్ అట్లనే ఉండనియ్యి, రెండోదాంట్ల ఉబుంటు. ఆన్ చేసేటప్పుడు లెనోవో, డెల్ అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9 కొడితే ఏది కావాలె అని అడుగుతది, నువ్వు డ్రైవ్ మార్చినట్టే, స్క్రూలు ఇప్పకుండ. కొన్ని థింక్‌ప్యాడ్ ఈ సిరీస్‌లల్ల, చానా గేమింగ్ మోడళ్లల్ల రెండు స్లాట్లుంటయ్, కానీ ఒకే పేరు మీద పది రకాలుంటయ్ గనుక షాపతని మాట నమ్మకు. లెనోవో వాళ్లు పీఎస్‌ఆర్‌ఈఎఫ్ అని ప్రతి మోడల్‌కు పీడీఎఫ్ పెడతరు, స్టోరేజ్ కాడ చూడు. స్లాట్ పొడుగు కూడా చూడు, 2242 అంటే 42 మిల్లీమీటర్లు, 2280 అంటే 80, పొట్టి స్లాట్‌ల పొడుగుది పట్టదు.

ఉబుంటు ఎక్కించే రోజు ఒక పని మాత్రం తప్పకుండ చెయ్యి. మూత ఇప్పి విండోస్ డ్రైవ్‌ను తీసి పక్కన పెట్టు, ఒక్క కొత్త డ్రైవ్ మీద ఇన్‌స్టాల్ చేసి తర్వాత మళ్ల పెట్టు. ఎందుకంటే రెండూ లోపలుంటే, నువ్వు రెండోదాన్నే ఎంచుకున్నా గానీ ఉబుంటు ఇన్‌స్టాలర్ తన బూట్‌లోడర్‌ను, అంటే ఆన్ చేయంగనే సిస్టమ్‌ను లేపే చిన్న ప్రోగ్రామ్‌ను, పోయి మొదటి డ్రైవ్‌ల పెట్టొచ్చు, తర్వాత ఒక డ్రైవ్ తీసేస్తే ఇంకోటి లేవదు. డ్రైవ్ తీసుడు నీకు పనికొచ్చేది గీ ఒక్కసారే. మూత ఇప్పితే వారంటీ పోతదా అని కొనక ముందే కంపెనీకి ఫోన్ చేసి అడుగు.

అంతకన్న ముందు బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌కు విండోస్ వేసే తాళం, దాని సంగతి చూస్కో. కొత్త విండోస్ 11ల డ్రైవ్ దానంతటదే లాక్ అయి ఉంటది, బూట్ సెట్టింగులు కదిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌ల ఉంటది, ముందే తీసి పేపర్ మీద రాసుకో. విండోస్‌ల ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగ్ కూడా బంద్ చెయ్యి, లేకుంటే ఉబుంటు నుంచి విండోస్ ఫైళ్లల్ల రాయనీయదు. గడియారం ఐదున్నర గంటలు తప్పు చూపిస్తే భయపడకు, ఒకటి మన టైం రాస్తది, ఇంకోటి లండన్ దిక్కు టైం రాస్తది, ఒక్క సెట్టింగ్‌తోటి సరిపోతది.

ఒకటే స్లాట్ ఉన్నదే బడ్జెట్ల దొరికిందనుకో, బయటి యూఎస్‌బీ ఎస్ఎస్‌డీ ఒకటి కొని దాని మీద ఉబుంటు పెట్టుకో, మంచిగనే నడుస్తది, నువ్వడిగిన గుంజి పెట్టే సుఖం కూడా ఇదే ఇస్తది. అటుదిటు మాత్రం చెయ్యకు, విండోస్‌ను బయటి డ్రైవ్ మీద నడిపే విండోస్ టు గో అనేదాన్ని మైక్రోసాఫ్ట్ 2020లనే తీసేసింది.

కాలీకి డ్రైవే అక్కర్లేదు. ఈ పని చేసేటోళ్లు చానామంది దాన్ని వర్చువల్‌బాక్స్‌లనో వీఎంవేర్‌లనో వర్చువల్ మెషీన్ లెక్క నడుపుతరు, స్నాప్‌షాట్ అని అప్పటి స్థితిని దాచిపెట్టుకొని ఏదన్న చెడగొడితే వెనక్కి పోతరు. దాడి చేసే మెషీన్ ఒకటి, దాడికి గురయ్యేది ఒకటి, రెండూ ఒకేసారి నడవాలె గదా, డ్రైవ్‌లు మార్చుకుంట అది ఎట్ల అయితది? హాస్టల్ వైఫై మీద మాత్రం ట్రై చెయ్యకు, అది కేసు అయితది.

ఇట్ల నడపాల్నంటే ర్యామ్ 16 జీబీ కావాలె. బడ్జెట్ల అన్నీ పట్టకుంటే రెండో ఎస్ఎస్‌డీని వచ్చే ఏడాదికి జరుపు, ర్యామ్‌ను జరపకు, ఎందుకంటే కొన్నిట్ల ర్యామ్ బోర్డుకే అతికించి వస్తది, తర్వాత పెంచలేవు. గ్రాఫిక్స్ కార్డు లేకున్నా నీ పనికి నడుస్తది.

ఫోరెన్సిక్స్, అంటే కంప్యూటర్లల్ల సాక్ష్యాలు ఎతికే పని దిక్కు పోతానంటే డ్రైవ్ విప్పుడు, డ్రైవ్ మీద ఏం రాయనీయకుండ ఆపే రైట్ బ్లాకర్ పెట్టి కాపీ తీసుడు ఉద్యోగంల భాగమే, అప్పుడు ప్రాక్టీస్‌కు ఆ పాత టి430 చవకగ దొరికితే రెండో మెషీన్ లెక్క తీసుకో, మీ సీనియర్‌నే తోలుకపోయి బేరం ఆడించు. నాయిన పత్తి పైసలతోటి కొనే మొదటిది మాత్రం వారంటీ ఉన్న కొత్తదే, జీఎస్‌టీ బిల్లు అడిగి తీసుకో.