బ్లాక్ ఫంగస్, మెదడు సిరలో గడ్డ: హెపారిన్ ఎందుకివ్వట్లేదు?

తమ్ముడూ, నాన్నగారికి బ్లాక్ ఫంగస్ కంటి వెనక ఉండే మెదడు సిరదాకా పాకి రక్తం గడ్డకట్టినా, రక్తాన్ని పలచబరిచే హెపారిన్ ఇంజెక్షన్ ఇవ్వట్లేదన్నావు. అది నిర్లక్ష్యం కాకపోవచ్చు. ఈ ఫంగస్ రక్తనాళం గోడనే తొలిచేస్తుంది. అలాంటిచోట రక్తం పలచబడితే మెదడులో రక్తస్రావం కావచ్చు. అందుకే డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. అసలు వైద్యం కుళ్లిన భాగం తీసెయ్యడం, ఫంగస్‌ని చంపే లైపోసోమల్ యాంఫోటెరిసిన్ మందు, షుగర్ అదుపు.

2021లో మా బాబాయికి స్కాన్‌లో రక్తస్రావం లేదని చూశాకే హెపారిన్ పెట్టారు, తేడా వస్తే వెంటనే ఆపొచ్చని. వాలిపోయిన రెప్ప ఎత్తి, నర్సమ్మ గంటగంటకీ టార్చి వేసి కనుపాప చూసేది.

ఒకటి మర్చిపోకు: ఫంగస్‌కే ఇచ్చే పోసాకొనజోల్ అనే మందుతో, రక్తం పలచబరిచే మాత్రలైన అపిక్సబాన్, రివరోక్సబాన్ ప్రభావం పెరిగిపోతుంది. చీటీలన్నీ ఒకే డాక్టరుకి చూపించు. తలనొప్పి పెరిగినా, మగత కమ్మినా తెల్లారేదాకా ఆగకు.