సూదంటే భయం, తీయక తప్పని జ్ఞానదంతం

దంత ఆరోగ్యం: పాఠకుల ప్రశ్నలు, వైద్యుల సమాధానాలు

ప్రశ్న: మాది గుంటూరు. నా వయసు 26 సంవత్సరాలు. కింది దవడలో కుడివైపు జ్ఞానదంతం అడ్డంగా పెరిగి ముందున్న పన్నును నెడుతోందని, చిగురు కోసి తీయవలసిందేనని ఓపీజీ ఎక్స్‌రే చూసిన డాక్టరుగారు చెప్పారు. ఇప్పటికే రెండుసార్లు అక్కడ చిగురు వాచి, నోరు తెరుచుకోక చాలా ఇబ్బంది పడ్డాను. అయితే చిన్నప్పటి నుంచి నాకు సూది అంటే విపరీతమైన భయం. ఇంటర్ చదివే రోజుల్లో రక్తపరీక్షకు వెళ్ళి అక్కడే కళ్ళు తిరిగి పడిపోయాను. అమెరికాలో ఉన్న మా అక్కకు ఇదే పన్నును పూర్తిగా నిద్రపుచ్చి తీశారట, తనకేమీ తెలియలేదంటుంది. సూది లేకుండా ఈ పన్ను తీసే మార్గం ఉందా? మత్తు పద్ధతుల్లో నాకు ఏది మంచిది?

సమాధానం: ఈ భయానికి మీరు సిగ్గుపడవలసిన పనిలేదు. రక్తాన్నో సూదినో చూడగానే మొదట గుండె వేగంగా కొట్టుకుని, ఆ వెంటనే నాడి వేగమూ రక్తపోటూ ఒక్కసారిగా పడిపోయి, మెదడుకు అందే రక్తం తగ్గి స్పృహ తప్పడం కొందరి శరీరతత్వం. ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురికి ఈ లక్షణం ఉండడం కూడా తరచుగా చూస్తాం. ధైర్యం చెప్పినంత మాత్రాన ఇది పోదు. కనుక ‘ఇంత చిన్న సూదికే భయమా’ అని మందలించే వైద్యుని దగ్గర కాక, మీ మాట పూర్తిగా వినే వైద్యుని దగ్గరే ఈ పన్ను తీయించుకోండి.

ఇక అసలు విషయానికి వద్దాం. అడ్డంగా ఉన్న కింది జ్ఞానదంతాన్ని తీయాలంటే చిగురు కోసి, చుట్టూ ఉన్న ఎముకను కొంత తొలగించి, చాలాసార్లు పన్నును రెండు మూడు ముక్కలు చేయవలసి ఉంటుంది. ఆ నొప్పి తెలియకుండా ఉండాలంటే దవడ ఎముకలోకి ప్రవేశించే నాడి దగ్గర, నోటి లోపల బాగా వెనకవైపున, లిగ్నోకైన్ వంటి మందును సూదితో ఇవ్వక తప్పదు. చిగురుపై పూసే జెల్ గానీ, కొట్టే స్ప్రే గానీ పైపొరను మాత్రమే మొద్దుబారుస్తాయి. సూది లేకుండా ఒత్తిడితో మందును చిమ్మే పరికరాలు ఉన్నాయి గానీ, వాటి మందు ఈ నాడి ఉన్న లోతుకు చేరదు. అందువల్ల సూది అసలే లేని మార్గం ఉందని చెబితే అది మిమ్మల్ని మభ్యపెట్టడమే అవుతుంది. అయితే మత్తు పద్ధతులను సరైన వరుసలో వాడితే నోట్లో సూది పడే వేళకు మీ భయం చాలావరకు తగ్గి ఉంటుంది, ఆ సూది తరువాత మీకు గుర్తు లేకపోవడానికీ అవకాశం ఉంది. కనుక ఏ పద్ధతిని ఎంచుకున్నా, మొదటి సూది పడే సమయానికి మీరు ఏ స్థితిలో ఉంటారో డాక్టరుగారిని ముందుగా అడిగి తెలుసుకోండి.

పద్ధతులన్నిటిలో తేలికైనది, ముక్కుకు చిన్న మాస్కు పెట్టి నైట్రస్ ఆక్సైడ్ వాయువును ఆక్సిజన్‌తో కలిపి పీల్పించడం. కొద్ది నిమిషాల్లోనే ఒళ్ళు తేలికపడి, వేళ్ళ చివర్లు జివ్వుమని, జరుగుతున్నది కొంచెం దూరంగా జరుగుతున్నట్లు అనిపిస్తుంది. మీరు మెలకువగానే ఉంటారు, అడిగిన దానికి బదులు చెప్పగలుగుతారు. వాయువు పాళ్ళను సాధారణంగా 30 నుంచి 50 శాతం మధ్య మీ స్పందనను బట్టి పెంచడం, తగ్గించడం చేస్తారు. చివర కొన్ని నిమిషాలు ఆక్సిజన్ మాత్రమే ఇస్తే మత్తు దిగిపోతుంది. ఈ వాయువుకూ జ్ఞానదంతానికీ పాత సంబంధం ఉంది. 1844 డిసెంబరులో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు ఈ వాయువును పీల్చి, తన జ్ఞానదంతాన్నే తోటి వైద్యుని చేత తీయించుకుని, నొప్పి తెలియలేదని ప్రకటించాడు. ఆ కాలంలో ఆక్సిజన్ కలపకుండా స్పృహ తప్పేంతగా పీల్పించేవారు, అది ప్రాణాపాయం. ఇప్పుడు మనసు కుదుటపడే మేరకే ఇస్తారు కాబట్టి, గ్యాస్‌తో పాటు నాడిని మొద్దుబార్చే ఇంజెక్షనూ అవసరమవుతుంది. ముక్కు దిబ్బడ ఉన్నవారికి ఈ పద్ధతి పనిచేయదు. గర్భం దాల్చిన తొలి నెలల్లో ఉన్నవారు, ఇటీవల చెవికి గానీ కంటికి గానీ శస్త్రచికిత్స జరిగినవారు, బి12 విటమిన్ లోపం ఉన్నవారు ఆ సంగతి తప్పనిసరిగా ముందే చెప్పాలి. శాకాహారుల్లో ఈ లోపం తరచుగా కనిపిస్తుంది కనుక దీనిని ప్రత్యేకంగా గుర్తుచేస్తున్నాను.

మాత్ర రూపంలో ఇచ్చే మత్తు రెండవది. ఆందోళనను తగ్గించే మాత్రను చికిత్సకు సుమారు గంట ముందు వేస్తారు. దీనికి సూది అక్కరలేదు గానీ, ఒకే మోతాదు ఒకరిని నిద్రపుచ్చితే మరొకరికి ఏమీ చేయకపోవచ్చు. మింగిన మాత్రను వెనక్కి తీసుకోలేం, కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడానికీ వీలు లేదు. మీ అంత భయం ఉన్నవారికి ఇది ఒక్కటే సరిపోతుందని నేను అనుకోను.

మీ భయానికి బాగా సరిపోయేది మూడవది, రక్తనాళంలోకి ఇచ్చే మత్తు. ఇందులో చేతి మీద చిన్న సూది ఒకటి తప్పదు. దాన్ని ఎలా దాటవచ్చో వివరిస్తాను. లిగ్నోకైన్, ప్రిలోకైన్ కలిసిన క్రీమును చేతి వెనకభాగాన మందంగా పూసి, పైన ప్లాస్టిక్ పట్టీ అంటించి గంటసేపు ఉంచితే అక్కడి చర్మం మొద్దుబారుతుంది. గ్యాస్ సౌకర్యం ఉన్న చోట దాన్ని ముందుగా పీల్పించి, మీరు కుదుటపడ్డాక, పడుకోబెట్టి, తల అటు తిప్పించి కాన్యులా పెడతారు. కాన్యులా పెట్టాక సూదిని బయటకు తీసేస్తారు, లోపల మిగిలేది మెత్తని సన్నని గొట్టం మాత్రమే అన్న సంగతి తెలియక చాలామంది చేయి కదపడానికి కూడా భయపడతారు. ఆ గొట్టం ద్వారా మిడజోలమ్ అనే మందును కొద్దికొద్దిగా ఎక్కిస్తే రెండు మూడు నిమిషాల్లో మత్తు ఆవరిస్తుంది. మీరు పిలిస్తే పలుకుతారు, ఊపిరి మీ అంతట మీరే తీసుకుంటారు. ఈ మందు ఎక్కిన తరువాత జరిగినవేవీ చాలామందికి జ్ఞాపకం ఉండవు, నోట్లో ఇచ్చిన ఇంజెక్షన్ కూడా అందులో కలిసిపోతుంది. మందు ఎక్కువైతే దాని ప్రభావాన్ని విరిచే ఫ్లూమజెనిల్ అనే విరుగుడు ఉంది. అయినా ఊపిరి మందగించే ప్రమాదం ఉన్న పద్ధతి కనుక, పన్ను తీసే వైద్యుడు కాక మత్తు డాక్టరు వేరేగా పక్కనే ఉండాలి. రక్తంలోని ఆక్సిజన్‌ను, నాడిని, రక్తపోటును చివరిదాకా యంత్రం మీద చూస్తూ ఉండాలి, ఆక్సిజనూ అత్యవసర మందులూ చేతికందేలా ఉండాలి. ఈ ఏర్పాట్ల గురించి నిస్సంకోచంగా అడగండి, అది మీ హక్కు. సరైన జవాబు రాని చోట ఈ మత్తు తీసుకోవద్దు.

మీ అక్కగారి విషయానికి వస్తే, అమెరికాలో ఓరల్ సర్జన్లు తమ క్లినిక్‌లోనే రక్తనాళం ద్వారా మత్తు ఇచ్చి జ్ఞానదంతాలు తీయడం మామూలు. ఆమెకూ ముందుగా చేతికి కాన్యులా పెట్టి, మత్తు ఎక్కాక నోట్లో ఇంజెక్షన్ ఇచ్చే ఉంటారు. ఆమెకు గుర్తు లేదు, అంతే. మన దగ్గర చాలా క్లినిక్‌లలో పెద్దలకు ఈ ఏర్పాటు లేదు. పిల్లల దంతవైద్యుల దగ్గర గ్యాస్ కొంత ఎక్కువగా దొరుకుతుంది, రక్తనాళపు మత్తుకు బయటి నుంచి మత్తు డాక్టరును పిలిపిస్తారు. మీకు దగ్గరలోనే ఉన్న విజయవాడ ప్రభుత్వ దంతవైద్య కళాశాలలో ఓరల్ సర్జరీ విభాగం ఉంది. వెళ్ళేముందు అక్కడ ఏ రకమైన మత్తుకు వీలుందో కనుక్కోండి.

పూర్తి అనస్తీషియా, అంటే ఆపరేషన్ థియేటర్‌లో పూర్తిగా స్పృహ లేకుండా చేయడం, ఒక్క పన్ను కోసం సాధారణంగా అవసరం ఉండదు. నాలుగు జ్ఞానదంతాలూ ఒకేసారి తీయవలసినప్పుడు, పన్ను మరీ లోతుగా ఉన్నప్పుడు, మిగిలిన పద్ధతులేవీ పనిచేయనంత భయం ఉన్నప్పుడు దానిని ఆలోచిస్తారు. సూదికి భయపడేవారు ముందుగా ఇదే కోరుకుంటారు గానీ, దీనికి ముందు రక్తపరీక్షలు, కాన్యులా, కొన్నిసార్లు ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంటాయి. సూదులు తగ్గవు, పెరుగుతాయి. సెవోఫ్లూరేన్ అనే వాయువును మాస్కుతో పీల్పించి నిద్ర పట్టాక కాన్యులా పెట్టే వీలుంది. చిన్నపిల్లలకు ఎక్కువగా ఇలా చేస్తారు, పెద్దవారూ అడగవచ్చు.

మీకు నా సలహా ఇది. చిగురు వాపు పూర్తిగా తగ్గి ఉన్న రోజునే పన్ను తీయించుకోండి, ఎందుకంటే వాచిన చోట మొద్దుబార్చే మందు సరిగా పనిచేయక మరో సూది అవసరం కావచ్చు. అలాగని భయంతో నెలల తరబడి వాయిదా వేయకండి. ఈ వాపు దవడ కిందికీ గొంతు వైపుకూ పాకితే ఆసుపత్రిలో చేరి, రోజుకు ఎన్నోసార్లు సూదులు పొడిపించుకోవలసి వస్తుంది. రక్తనాళం ద్వారా మత్తు దొరికితే దానినే ఎంచుకోండి. దొరకకపోతే గ్యాస్, చిగురుకు జెల్, ఆపైన సన్నని సూదితో నిదానంగా ఇచ్చే ఇంజెక్షన్, ఈ మూడూ కలిపి చాలామందికి సరిపోతాయి. ఇంజెక్షన్ నొప్పిలో ఎక్కువ భాగం సూది గుచ్చుకోవడం వల్ల కాదు, మందును వేగంగా నెట్టడం వల్ల వస్తుంది. నిమిషానికి పైగా తీసుకుని ఇస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది.

మీకు కళ్ళు తిరిగే గుణం ఉంది కనుక ఒక అభ్యాసం నేర్చుకోండి. చేతులు, కాళ్ళు, పొట్ట కండరాలను ఒకేసారి గట్టిగా బిగించి, ముఖంలో వేడి తెలిసేదాకా, అంటే 10 నుంచి 15 సెకన్లు ఉంచాలి. తరువాత అరనిమిషం వదలాలి. ఇలా వరుసగా ఐదుసార్లు, రోజుకు కొన్ని విడతలు చేస్తూ ఉంటే, సూది వేళకు రక్తపోటు పడిపోకుండా ఆపడం మీ చేతికి వస్తుంది. కాన్యులా పెట్టే చేతిని మాత్రం వదులుగా ఉంచాలి. వ్యవధి ఉంటే క్లినికల్ సైకాలజిస్టు దగ్గర కొన్ని విడతల చికిత్స తీసుకోవడం మరీ మంచిది, జీవితంలో సూది ఈ ఒక్కసారితో అయిపోదు కదా.

తప్పించుకోదగిన సూదులు కూడా కొన్ని ఉన్నాయి. లిగ్నోకైన్ పడుతుందో లేదో చూడటానికి చేతి చర్మంలోకి ఇచ్చే టెస్ట్ డోసు, గతంలో ఆ మందుతో అలర్జీ రానివారికి మామూలుగా అవసరం ఉండదు. పన్ను తీశాక నొప్పికీ చీముకూ ఇంజెక్షన్ చేయడం మన దగ్గర అలవాటు, వాటికి మాత్రలు చాలు. రక్తపరీక్షలు తప్పనిసరి అయితే అన్నిటికీ ఒకేసారి, క్రీము పూశాక, పడుకోబెట్టి రక్తం తీయమనండి. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి మొదటి సంప్రదింపులోనే డాక్టరుగారి చేతికివ్వండి. కుర్చీలో కూర్చున్నాక భయంతో చెప్పబోతే సగం మరచిపోతారు.

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్ళు. జ్ఞానదంతం తీయించాలి, సూది అంటే వణికిపోతాడు. ఆందోళన తగ్గడానికి నాకు రాసిచ్చిన అల్‌ప్రాజోలమ్ మాత్రలు ఇంట్లో ఉన్నాయి. ఒకటి వేసి తీసుకువెళ్ళవచ్చా? (ఖమ్మం నుంచి ఒక తండ్రి)

సమాధానం: దయచేసి అలా చేయకండి. ఒకరికి రాసిన మాత్ర మరొకరికి ఇవ్వకూడదన్నది ఒక కారణం. డాక్టరుకు తెలియకుండా మాత్ర వేసుకున్న మనిషికి క్లినిక్‌లో మరో మత్తుమందు ఇస్తే రెండూ కలిసి ఊపిరిని అణచివేయవచ్చన్నది అంతకంటే పెద్ద కారణం. అబ్బాయి మద్యం తీసుకునే అలవాటును మీ దగ్గర దాచి ఉంటే ప్రమాదం మరింత. భయం సంగతి డాక్టరుకు చెప్పండి, మాత్ర అవసరమైతే ఆయనే రాస్తారు, వీలైతే క్లినిక్‌లోనే తమ ఎదుట వేయిస్తారు. మాత్రతో గానీ, రక్తనాళం ద్వారా గానీ మత్తు తీసుకున్న రోజున అబ్బాయిని మీరే ఇంటికి తీసుకురండి, 24 గంటలపాటు బండి తాళం ఇవ్వకండి. మత్తు దిగిపోయిందని వాడికి అనిపించవచ్చు గానీ, చేతులూ కళ్ళూ వెనకటి చురుకుకు రావడానికి ఇంకా సమయం పడుతుంది.

ప్రశ్న: నాకు 48 ఏళ్ళు. షుగరు, బీపీ ఉన్నాయి, బరువు ఎక్కువ. రాత్రి గట్టిగా గురక పెడతానని, మధ్యలో ఊపిరి ఆగినట్లవుతుందని ఇంట్లో అంటారు. జ్ఞానదంతం పుచ్చిపోయింది. భయం వల్ల మత్తు కావాలని ఉంది. తీసుకోవచ్చా? (వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: మీరు గురక సంగతి రాయడం ఎంతో మేలు చేసింది. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవారికి మత్తుతో గొంతు కండరాలు మరింత సడలి గాలి దారి మూసుకుపోవచ్చు. కనుక క్లినిక్‌లో మాత్రతో గానీ, రక్తనాళం ద్వారా గానీ మత్తు తీసుకోవడం మీకు తగదు. ముందుగా నిద్ర పరీక్ష చేయించుకోండి. పన్ను అందాకా ఆగలేని స్థితిలో ఉంటే, జెల్ పూసి నిదానంగా ఇచ్చే ఇంజెక్షన్‌తో, వీలైతే గ్యాస్ తోడుగా, మెలకువగా ఉండగానే తీయించుకోవడం మీకు క్షేమం. లోతైన మత్తు తప్పదనుకుంటే అది అన్ని వసతులూ ఉన్న ఆసుపత్రిలో, మత్తు డాక్టరు ముందే పరీక్షించిన తరువాతే జరగాలి. అప్పుడు ఘనాహారం 6 గంటలు, మంచినీళ్ళు 2 గంటలు ముందు ఆపమంటారు. ఆ ఉదయం షుగరు మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ ఎంత తీసుకోవాలో, అసలు తీసుకోవాలో వద్దో ముందురోజే అడిగి రాసుకోండి, ఉపవాసంతో మామూలు మోతాదు వేసుకుంటే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే ఆ పేర్లు చెప్పండి, మీ అంతట మీరు ఆపవద్దు. బీపీ మాత్రల విషయం కూడా అడిగి తెలుసుకోండి. వాటిలో చాలావరకు ఆ ఉదయం ఒక గుక్క నీళ్ళతో వేసుకోమనే చెబుతారు.