‘యీల్డ్’ అంటే లొంగడమేనా?

సందేహం: ‘యీల్డ్’ అనే ఇంగ్లీషు క్రియకు నిఘంటువులో ‘లొంగిపోవు’ అనీ ‘ఫలమిచ్చు’ అనీ రెండర్థాలు కనబడుతున్నాయి. ఓడిపోవడానికీ పంటనివ్వడానికీ ఒకే మాట ఎలా కుదిరింది? అనువాదంలో అన్నిచోట్లా ‘లొంగు’ అని రాస్తే సరిపోతుందా?

సమాధానం: సరిపోదు. ఈ మాట పుట్టుకలో ఓటమి లేదు, ఇవ్వడం ఉంది. పాత ఇంగ్లీషులో దీని పూర్వరూపానికి ‘చెల్లించు’ అని అర్థం. జర్మన్‌లో డబ్బును చెప్పే ‘గెల్ట్’ దీనికి దాయాది. అదే కుదురుకు చెందిన ‘గెల్టన్’ అనే జర్మన్ క్రియకు నేడు ‘చెల్లు, చెల్లుబాటగు’ అని అర్థం. మన ‘చెల్లు’, ‘చెల్లించు’ జంటను తలచుకుంటే ఆ చుట్టరికం తెలుగువారికి ఇట్టే బోధపడుతుంది. ఇవ్వవలసినది ఇవ్వడమనే ఆ మూలార్థం నుంచే నేల పంటనివ్వడమూ, ఎదుటివారు అడిగిన కోటనో దారినో పంతాన్నో విడిచిపెట్టడమూ వచ్చాయి.

వాక్యంలో ఏ అర్థం తీసుకోవాలో చాలావరకు దాని నిర్మాణమే చెబుతుంది. క్రియ తర్వాత కర్మ నేరుగా వస్తే అది ఇవ్వడం. కర్మ లేకుండా ‘టు’ వచ్చి తెలుగులో ‘కు’ విభక్తి అవసరమైతే అది తగ్గడం. చట్టసభలో ఒక సభ్యుడు తన మాట్లాడే అవకాశాన్ని మరొకరికి ‘యీల్డ్’ చేసినప్పుడు కర్మా ఉంది, ‘టు’ కూడా ఉంది. అక్కడ ‘అవకాశాన్ని వదిలి ఇచ్చారు’ అనాలి కానీ లొంగుబాటు ప్రసక్తే లేదు.

ఇక తగ్గడాన్ని చెప్పడానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో చూడండి. శత్రువుకు లొంగిపోతారు, రోగం మందులకు లొంగుతుంది. చట్టానికి మాత్రం లోబడతాం, అందులో ఓటమి లేదు. (‘లోను’, ‘పడు’ కలిసిన మాట అది, పాత పుస్తకాలలో అరసున్నతో ‘లోఁబడు’ అని కనిపిస్తుంది.) ఒత్తిడికి తలొగ్గుతారు. నాకు వీటిలో మిక్కిలి ఇష్టమైనది ఇదే, ఎందుకంటే ‘ఒగ్గు’ అంటే చాచు, పట్టు అని అర్థం. దోసిలి ఒగ్గినట్టే తలనూ ఒగ్గుతాం. ఇంగ్లీషు మాటలో దాగిన ‘ఇవ్వడం’ ఛాయ మన పలుకులోనూ ఉందన్నమాట. కోపం తగ్గి మనసు మారితే ‘మెత్తబడ్డాడు’ అంటాం. కోరికలను ఒప్పుకున్న ప్రభుత్వాన్ని గురించి రాసేటప్పుడు నేను ‘లొంగింది’ అనే మాటను వీలైనంత వరకు మానుకుంటాను. అందులో నింద ధ్వనిస్తుంది. ‘దిగివచ్చింది’ అంటే చాలు. పంటకు ‘దిగుబడి’ అంటాం, పట్టు వదలడానికి ‘దిగివచ్చు’ అంటాం. రెండింటా ‘దిగు’ వినిపిస్తూనే ఉంది కనుక, ఇంగ్లీషులో మీకు వింతగా తోచినది తెలుగుకు మరీ కొత్త కాదు.

ప్రాణం లేనివాటి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. బలంగా తోస్తే తలుపు ‘యీల్డ్’ అయిందని రాస్తే, తెలుగులో తలుపు లొంగదు, తెరుచుకుంటుంది లేదా ఊడివస్తుంది. బరువుకు ఇనుపకడ్డీ ‘యీల్డ్’ అయిందంటే, బరువు తీసినా అది పూర్తిగా తన మునుపటి ఆకారానికి రాదని అర్థం. ఆ మాటే విడమరచి రాయడం మేలు. అమెరికాలోని టల్సా నగరంలో 1950లో మొదటిసారి నిలిపిన ‘యీల్డ్’ అనే రహదారి గుర్తును ‘లొంగండి’ అని అనువదిస్తే చదివినవారు బెదిరిపోతారు. బ్రిటన్‌లో అదే ఆజ్ఞకు ‘గివ్ వే’ అని రాస్తారు, అది తెలుగుకు సూటిగా అందుతుంది: ‘దారి ఇవ్వండి’.