ఎండిన తోలుకు నూనె పట్టించే తీరు

చి. శ్రీనుకు,

పెదనాన్న ఆశీస్సులు. బెల్టుల కోసం దాచిన తోలు అట్టలా బిగుసుకుపోయిందని రాశావు. నూనె సీసా తెరిచే ముందు గరుకు వైపు గోటితో గీరి చూడు. ఎర్రటి పొడి రాలితే లోపలి పీచును ఆమ్లం తినేసిందన్నమాట. దానికి ఎంత నూనె పోసినా నల్లబడుతుందే తప్ప బలం రాదు, బెల్టుకు వాడకు. కోసిన అంచులో నీలం బూడిద రంగు కనిపిస్తే అది క్రోమ్ తోలు, అంటే క్రోమియం లవణాలతో పదునుచేసినది, దాని పద్ధతి వేరు. నేను చెప్పేది తంగేడు బెరడు, తుమ్మ బెరడు, కరక్కాయలతో పదునుచేసిన, అంటే పచ్చి చర్మం కుళ్లకుండా శుద్ధిచేసిన తోలు గురించి. డప్పు మూతకు మాత్రం ఈ వైద్యం చెయ్యకు. అది పదునుచేయని తోలు, నూనె తగిలితే బిగువు పోయి మోత పడిపోతుంది.

తోలులోని నీరూ కొవ్వూ రెండూ పోతే పీచులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అందుకే ఒక్క నూనెతో పని కాదు. పొడి తోలు మీద నేరుగా రాస్తే తగిలిన చోటల్లా గబుక్కున పీల్చి మచ్చలు కడుతుంది. ముందు గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన స్పాంజీతో రెండు వైపులా సమానంగా తడుపు. ప్లాస్టిక్ కవరులో గంటో రెండు గంటలో చుట్టి ఉంచు. తీశాక పైరంగు మామూలుకు వస్తూ, చెంపకు ఆనిస్తే చల్లగా తగిలేదాకా ఆగు. నూనె రాయాల్సింది అప్పుడే. నీరు ఆరేకొద్దీ నూనె లోపలికి దిగుతుంది.

నూనెల్లో నీట్స్‌ఫుట్ ఆయిల్ మేలు, అది పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నూనె. సీసా మీద కాంపౌండ్ అని ఉంటే వేరే నూనెలు కలిపారని అర్థం, అది వద్దు. దొరక్కపోతే ఆముదం వాడు. కొల్హాపురీ చెప్పులకు దాన్ని కూడా పట్టిస్తారు. అవిసె నూనె జోలికి పోకు, అది గాలికి గట్టిపడి తోలును పగలగొడుతుంది. పొద్దుతిరుగుడు నూనె జిగటై వాసన కొడుతుంది.

సీసాను వేడినీళ్ల గిన్నెలో పెట్టి 40 డిగ్రీల దాకా వెచ్చచేయి, పొయ్యి మీద నేరుగా వద్దు. 3 మి.మీ. మందం తోలుకు చదరపు అడుగుకు 10 మి.లీ. ఒక పూతకు సరిపోతుంది. 42 అంగుళాల పొడవు, అంగుళంన్నర వెడల్పు బెల్టుకు 5 మి.లీ., అంటే ఒక టీస్పూను. తోలు మీద పోయకు. నూలుగుడ్డకు అద్ది, ముందు గరుకు వైపు, తర్వాత నునుపు వైపు పల్చగా, చెయ్యి ఎక్కడా ఆపకుండా పొడవునా లాగు. రంగు ముదురుతుంది కాబట్టి ముందు ఒక మూల చూసుకో. 24 గంటలు నీడలో పరిచి ఉంచు. ఎండలోనో హీటర్ దగ్గరో పెడితే తడి తోలు ముడుచుకుని మళ్లీ సాగనంతగా బిగుస్తుంది.

మర్నాడు గుండ్రటి కర్ర మీద అటూ ఇటూ వంచు. ఈ వంచడం ఎగ్గొట్టకు, అతుక్కున్న పీచులు విడేది ఇక్కడే. ఇంకా బిరుసుగా ఉంటే మొదటి పూతలో సగం నూనెతో మరో పూత. అంతటితో ఆగు. నూనె ఎక్కువైతే బెల్టు సాగుతుంది, రంధ్రాలు పెద్దవవుతాయి, చొక్కాకు మరక అంటుతుంది. సుద్దపొడి చల్లి ఒక రోజు ఉంచితే పైజిడ్డు కొంత లాగుతుంది, లోపలిది రాదు.

కోత, ముద్రలు, రంగు, జిగురు, కుట్టు అన్నీ అయ్యాకే కొత్త తోలుకు నూనె. జిడ్డు మీద జిగురు పట్టదు, రంగు సమంగా ఎక్కదు. నీది ముందే బిగుసుకుంది కనుక కోతకు ముందు పల్చటి పూత తప్పదు. జిగురు పెట్టేచోట మాత్రం గుడ్డ తగలనివ్వకు. తడి తోలును ఇనుప సామానుకు ఆనించకు, నల్లమచ్చలు పడతాయి. ఇత్తడి రివిట్ల చుట్టూ మిగిలిన నూనె తుడిచెయ్యి, లేకుంటే పచ్చటి చిలుము పడుతుంది.

చలికాలంలో పైన తెల్లగా పేరుకుంటే కంగారుపడకు. హెయిర్ డ్రయ్యర్ గాలి కాస్త తగిలించు. కరిగిపోతే అది బయటికొచ్చిన కొవ్వు, గుడ్డతో రుద్దితే చాలు. కరగకపోతే బూజు. దాన్ని ఆరుబయట తుడిచి, గాలి తగిలేచోట వేలాడదీయి. తడి ఎక్కువ ఉండగానే నూనె రాసి చుట్టిపెడితే వచ్చేదీ అదే.

నీ పెదనాన్న