ఖాళీ లెటర్‌ప్యాడ్

అమ్మలూ,

2029లో నువ్వు ఎమ్మెల్యేగా నిలబడతావన్న సంగతి నువ్వు చెప్పకుండానే తెలిసింది. ఎవరో సంక్రాంతి ఫ్లెక్సీని ఫొటో తీసి ఇక్కడ మీ వదిన ఫోన్‌కి పంపారు. శుక్లం తీసిన కన్ను మూసి రెండో కంటితో చూశాను. జడ్పీటీసీగా గెలిచింది నువ్వు. ఫ్లెక్సీలో నీ ఫొటో తపాలా బిళ్ళంత, నీ మొగుడిది తలుపంత. అయినా ఆ బిళ్ళనే చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం కొంత, టెన్షన్ కొంత. ఒంటికన్నుతో రాస్తున్నా, అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకో.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తా. ఓటరు జాబితా బూత్‌ల వారీగా తీసుకుని ఇప్పట్నుంచే చూడు. డిపాజిట్ 10,000. నేను 1994లో కట్టింది 250 రూపాయలే. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే అది పోతుంది. నామినేషన్‌తో పాటు ఆస్తులూ కేసులూ రాసిచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో ఒక్క గడి కూడా ఖాళీగా వదలకు, ఏమీ లేకపోతే ‘లేదు’ అని రాయి. ఖర్చు 40 లక్షలు దాటకూడదు. దాటకుండా ఎంతమంది గెలుస్తున్నారో నీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఎన్నికల ఖర్చుకి వేరే బ్యాంకు ఖాతా ఉండాలి, ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పజెప్పాలి. ఇవ్వనివాళ్ళ మీద మూడేళ్ళ అనర్హత వేటు పడుతుంది. పోలింగ్ ముగిశాక నీ ఏజెంటు, బూత్‌లో పోలైన ఓట్ల లెక్కుండే 17సీ కాగితం చేతికి రాకుండా బూత్ కదలకూడదు. 2008లో రాజస్థాన్‌లో సి.పి. జోషి నాథ్‌ద్వారాలో ఒక్క ఓటుతో ఓడిపోయాడు. ఆయన అప్పుడు రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షుడు. ఎవరో ఒకరు ఇంట్లో పడుకునుంటారు, ఆ ఒక్క ఓటు అదే.

ఇక అసలు సంగతి. మీ అత్తయ్యకి కూడా చెప్పుకోలేదు ఇది.

1996లో అసెంబ్లీ సమావేశాలంటే వారాల తరబడి హైదరాబాద్‌లోనే ఉండేవాణ్ణి. ఊళ్ళో మన ఇంటి అరుగు మీద రోజూ నలభై యాభై మంది. ఒకరికి హాస్టల్ సీటు, ఒకరికి ఆసుపత్రి ఉత్తరం, ఒకరికి ట్రాన్స్‌ఫార్మర్. మీ అత్తయ్య తమ్ముడు అన్నాడు, “బావా, నువ్వు లేవని జనం ఉత్తచేతుల్తో పోతున్నారు. లెటర్‌ప్యాడ్ మీద సంతకాలు పెట్టి వెళ్ళు, పనిని బట్టి నేను నింపుతా.” సబబుగానే అనిపించింది. రైలుకి టైమవుతోంది. వంటింటి గడప మీద కూర్చుని పాతిక కాగితాల మీద గీకేశాను. మీ అత్తయ్య పొయ్యి దగ్గర్నుంచే, “ఖాళీ కాగితం మీద వేలిముద్ర కూడా వేయొద్దనేవాడు మా నాన్న” అంది. సొంత తమ్ముణ్ణే అనుమానిస్తోందని నవ్వాను.

మూడు నెలల తర్వాత ఒక ముసలావిడ వచ్చింది. పింఛను ఆగిపోయిందట. అప్పట్లో 75 రూపాయలు. ఇప్పుడు నాలుగు వేలు అందుకునేవాళ్ళకి ఆ డెబ్బై ఐదు కోసం ఎంత ఏడుపో అర్థం కాదు. ఊరికిన్ని అని లెక్క, ఒకరు పోతేనే ఇంకొకరికి. నాకు ఒళ్ళు మండింది. ఆమెను జీపెక్కించుకుని ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్ళి, జనం ముందే ఆయన్ని చెడామడా తిట్టాను. ఆయన ఒక్క మాట అనలేదు. ఫైలు తెప్పించి నా వైపు తిప్పాడు. ఈమె కొడుకులు సంపాదిస్తున్నారు, పేరు తీసేసి ఫలానా వారికి ఇవ్వగలరు అని ఉంది. కింద నా సంతకం. ఉన్న ఇద్దరు కొడుకుల్లో ఒకడు పోయాడు, రెండోవాడు ఎక్కడున్నాడో తెలియదు.

ఆవిడకి చదువు రాదు. “ఏం రాసుంది బాబూ?” అంది.

“ఆఫీసువాళ్ళ పొరపాటు పెద్దమ్మా” అన్నాను.

ఎమ్మార్వో నన్నొకసారి చూసి తల దించుకున్నాడు. పింఛను మళ్ళీ రావడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆవిడ కొంగున ఆరు గుడ్లు కట్టుకొచ్చి మీ అత్తయ్య చేతిలో పెట్టింది. ఎమ్మార్వో నా పింఛను తిన్నాడు, ఎమ్మెల్యే కక్కించాడు అని ఊరంతా చెప్పింది. ఆ మాట పట్టుకుని ఊరివాళ్ళు ఎమ్మార్వోని బదిలీ చేయించమని అర్జీ తెస్తే, దాని మీదా సంతకం పెట్టాను. ఆ కాగితం ఖాళీగా లేదు. చదివే పెట్టాను.

ఆయనకి అప్పుడు స్కూలుకెళ్ళే పిల్లలు. ఎక్కడికి పోయాడో కనుక్కునే ధైర్యం కూడా చేయలేదు.

నీ మొగుడు నా కొడుకే. చెడ్డవాడు కాదు. వాడి మేనమామా చెడ్డవాడు కాదు, అదే నా భయం. మేనమామ పోలిక అదృష్టమంటారు గానీ, వీడికి ముక్కూ మొహంతో పాటు ఆ చొరవ కూడా వచ్చింది. నీ బదులు ఫోన్లు ఎత్తుతున్నాడట. మండల సమావేశంలో నీ పక్కన కుర్చీ వేసుకుని నీ మాట వాడే చెబుతున్నాడట. వాడు కొన్న ఆ నల్ల కారొకటి. ఇల్లెందులో గుమ్మడి నర్సయ్య గారు ఎమ్మెల్యేగా ఐదుసార్లు గెలిచి బస్సుల్లో, సైకిల్ మీద తిరిగారు. నిన్ను సైకిల్ తొక్కమనను. కారు దిగాక ముందు ఎవరు నడుస్తున్నారో చూసుకో. చట్టసభల్లో ఆడవాళ్ళకి మూడో వంతు అని 2023లో చట్టం చేశారు, అది వచ్చి నిన్ను కుర్చీలో కూర్చోబెడుతుందని చూడకు. రేపు ఎమ్మెల్యే అయ్యాక కూడా టీలు నువ్వూ, సంతకాలు వాడూ అంటే, నేను ఓటు వెయ్యను. నిజంగా వెయ్యను.

నీకు గుర్తుందో లేదో, 1994 ప్రచారంలో ఆరేళ్ళ పిల్లవి, జీపులో నా ఒళ్ళో కూర్చుని మైకు లాక్కునేదానివి. “ఇయ్యవే” అంటే “నేను చెబుతా మావయ్యా” అని చెయ్యి కొరికావు. మీ అమ్మ కొట్టబోతే నేనే అడ్డుపడ్డాను.

అల్మరా కింది అరలో, పాత పంచాంగాల అడుగున ఏడు లెటర్‌ప్యాడ్ కాగితాలున్నాయి. పాతికలో మీ అత్తయ్య తమ్ముడి దగ్గర్నుంచి లాక్కున్నవి అవే, ఖాళీగా, కింద నా సంతకంతో. ఇన్నేళ్ళూ కాల్చలేకపోయాను. వాటిని వాడికి చూపించి, వాడి చేతే పొయ్యిలో పెట్టించు. ఆదివారం డాక్టరు చూసి సరేనంటే సోమవారం బయల్దేరతాను. అల్మరా తాళంచెవి మీ అత్తయ్య ఫొటో వెనకాల ఉంది.

మీ మావయ్య